పెద్ద స్కేలు

మా ఇంట్లో మగపిల్లాడికి పద్దెనిమిదేళ్ళు నిండగానే ఒక ఉక్కు స్కేలు చేతికొస్తుంది. ఆడపిల్లకి రాదు. మా తాత త్రిమూర్తులు మా నాన్నకి ఇచ్చాడు, మా నాన్న బుచ్చిబాబు మా అన్నయ్య గౌతమ్‌కి ఇచ్చాడు. నాకు పద్దెనిమిది నిండిన రోజున అమ్మ చెవిదిద్దులు కొనిపెట్టింది. దిద్దులు బాగానే ఉన్నాయి, ఇప్పటికీ అవే పెట్టుకుంటున్నాను. కానీ ఆ స్కేలే గనక నా చేతికి వచ్చి ఉంటే పోయిన వేసవి మా ఇంట్లో అలా జరిగేది కాదని నాకనిపిస్తుంది. తప్పు చేసినవాళ్ళు ఇలాగే ఏదో ఒక సాకు వెతుక్కుంటారనుకోండి, అది వేరే సంగతి.

ఆ స్కేలు ఏమిటో చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. మాది ప్యాటర్న్ పని. ఇనుముతో ఏదైనా పోతపోయాలంటే ముందు దాని ఆకారాన్ని చెక్కతో చెయ్యాలి. ఆ చెక్కను ఇసుకలో అద్ది, బయటికి తీసి, ఆ ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్కదాన్నే ప్యాటర్న్ అంటారు. ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, మీటరుకి సెంటీమీటరు చొప్పున. అందుకని చెక్కను ఆ మేరకు పెద్దగా చెయ్యాలి. కొలతకొక లెక్క కట్టుకుంటూ కూర్చోలేక ఈ పనివాళ్ళు ఏనాడో స్కేలునే సాగదీశారు. చూడ్డానికి మామూలు స్కేలే, అంకెలూ అవే, కానీ గీతకీ గీతకీ మధ్య వెంట్రుకవాసి ఎడం ఎక్కువ. మీటరు దగ్గరికొచ్చేసరికి ఆ ఎడాలన్నీ కలిసి సెంటీమీటరు అవుతాయి. దాన్ని మేం పెద్ద స్కేలు అంటాం. బజార్లో దొరుకుతుంది. అయినా మా ఇంట్లో తండ్రి తన చేత్తో గీతలు గీసి కొడుక్కి ఇవ్వాల్సిందే. ఒకరి స్కేలు ఇంకొకరు ముట్టుకోరు. అడగడం తప్పు, ఇవ్వడం అంతకంటే తప్పు.

మా షెడ్డు నాచారంలో, మల్లాపూర్ వెళ్ళే దారిలో లోపలి సందులో ఉంది. తాత కోనసీమ నుంచి ఉలి, బాడిస సంచిలో వేసుకుని వచ్చిన రోజుల్లో అక్కడ కంపెనీలు ఒకటొకటిగా లేస్తున్నాయట. ఆ తర్వాత అదే సందులో తొమ్మిది ప్యాటర్న్ షాపులు ఉండేవి. ఇప్పుడు మాదొక్కటే మిగిలింది. మిగతావన్నీ గోడౌన్లయ్యాయి, వాటి ముందు అట్టపెట్టెల బండ్లు ఆగుతుంటాయి. నేను పాలిటెక్నిక్ చదువుకుని, షెడ్డులో ఒక మూల అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చుని డ్రాయింగులు వేస్తాను. అన్నయ్య లేతు దగ్గర, నాన్న బల్ల దగ్గర. ఏ కొలతైనా చెక్క మీదికి ఎక్కించేది నాన్నే. అది ఆయన హక్కు.

ఉగాది వెళ్ళిన వారానికి ఒక బేరింగు మూత ప్యాటర్న్ వెనక్కి వచ్చింది. చిన్నదైపోయింది. నాన్న తన పెద్ద స్కేలనుకుని పక్కనున్న మామూలు స్కేలు పట్టుకున్నాడు. యాభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవాడు చెయ్యాల్సిన పొరపాటు కాదు. ఆయన మూతను అటూ ఇటూ తిప్పి చూసి, "ఎండకి కళ్ళు చెదిరాయి," అన్నాడు. అప్పటికి ఇంకా అంత ఎండల్లేవు.

అన్నయ్య నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"ఇంక నాన్నని ఆపాలి విజ్జీ. కొలిచే పని నేను చూసుకుంటాను. ఆయన్ని ఇంట్లో విశ్రాంతి తీసుకోమని చెప్పు."

"నువ్వే చెప్పు."

"నేను చెప్తే షెడ్డు కోసం అంటున్నాననుకుంటాడు. నీ మాటైతే వింటాడు."

"నేను చెప్పను. ఒక్క మూత పోయిందని మనిషిని తీసి మూల పెట్టేస్తావా?"

"ఒక్కటేనని నీకెలా తెలుసు? కంప్యూటరు ముందు కూర్చునేదానికి చెక్క పోతే ఆ బాధేం తెలుస్తుంది?"

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. "స్కేలు ఉన్నవాడివి నువ్వు కదా. మరి పక్కనే నిలబడి ఏం చూశావు?" అన్నాను.

ఇద్దరం అనకూడని మాటలే అన్నాం. ఆ రోజు నుంచి మా మధ్య మాటలు ఆగిపోయాయి. చిలకానగర్‌లో మాది రెండు గదుల ఇల్లు, మాట్లాడుకోకుండా ఉండటానికి అది ఏమాత్రం సరిపోదు. అమ్మ మధ్యలో పడి నలిగిపోయింది. "అన్నయ్యని బండి తాళాలు ఎక్కడ పెట్టాడో అడుగమ్మా" అని నేను, "లైను మీద బట్టలు తనవేనేమో తీసుకోమనమ్మా" అని వాడు. "మీ ఇద్దరికీ నోళ్ళు పడిపోయాయా? నాకు మాత్రం కాళ్ళు పడిపోతున్నాయి," అనేది అమ్మ. మేం ఇద్దరం నాన్న గురించే పోట్లాడుకున్నామని ఆవిడకి చెప్పలేదు. నాన్నకి అసలే చెప్పలేదు.

ఏప్రిల్ నెలాఖరులో ఉపేందర్ అన్న వచ్చాడు. మాకు నాలుగు షెడ్ల అవతల వాళ్ళ ఫౌండ్రీ. వాళ్ళ నాన్న పోతపోసిన మొదటి వస్తువుకి మా తాతే ప్యాటర్న్ చేశాడు. మా రెండు కుటుంబాలకీ కాగితం మీద ఒప్పందం అంటూ ఎప్పుడూ లేదు. ఆయన వెనకాల ట్రాలీ ఆటోలో పగిలిన గేర్‌బాక్సు పెట్టె ఒకటి వచ్చింది, నలుగురు పట్టుకుని దించారు.

"ఆచారి సాబ్, గిది జర జూడున్రి," అన్నాడు. "క్రషర్ కంపెనోళ్ళది. గిసొంటియి పద్నాలుగు రకాలు గావాల్నంట. మొదాలు గిదొక్కటి జేసిస్తే, మంచిగొస్తే మొత్తం మీకే. లేకుంటే కోయంబత్తూరు పోతమంటున్రు. ఆడ అంత మిషన్ల మీదనే జేస్తరట."

నాన్న స్టూలు మీంచి లేచి ఆ పెట్టె మీద రెండు చేతులూ వేశాడు. గోడలు, అంచులు, రెండు పక్కలా బోర్లని మేం పిలిచే రెండు పెద్ద గుండ్రటి రంధ్రాలు, బోల్టుల కోసం ఉబ్బెత్తుగా ఉన్న గుబ్బలు, అన్నీ తడిమాడు. ఒక బోరు నుంచి ఇంకో బోరుకి జానలు వేశాడు. చూడ్డం అయిపోయాక, "ఎప్పటికి కావాలి?" అన్నాడు.

"నెల. గంతకంటె ఆగరు."

"పెట్టి వెళ్ళు."

ఆ మధ్యాహ్నం డబ్బాలు విప్పి అన్నం తింటుంటే అన్నయ్య అమ్మకి ఫోన్ చేశాడు. నేను వినాలనే గట్టిగా మాట్లాడాడు. "ఈ పని వస్తే షెడ్డు నిలబడుతుందమ్మా. రాకపోతే మాత్రం ఇంక లాగలేం. చర్లపల్లిలో ఉద్యోగానికి రమ్మంటున్నారు, వెళ్ళిపోతాను. షెడ్డుకి తాళం వేసుకోవడమే." నాన్న మజ్జిగన్నం కలుపుకుంటూ తలెత్తలేదు. ఆయనా విన్నాడు.

ఇంక నేను చేసిన పని చెప్తాను.

నాన్న మళ్ళీ తప్పు స్కేలు పట్టుకుంటాడేమోనని నాకు రాత్రింబగళ్ళూ అదే భయం. ఆపమని చెప్పడానికి నోరు రాదు, ఊరుకోవడానికి ధైర్యం చాలదు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. నాకు స్కేలు లేదు గాని అంకెలున్నాయి. కలపాల్సిందేదో అంకెల్లోనే కలిపేస్తే సరి. రెండు బోర్ల మధ్య దూరం ఏడువందల మిల్లీమీటర్లు. నేను ఏడువందల ఏడు అని రాశాను. అలా ప్రతి కొలతా నూటికి ఒకటి చొప్పున పెంచి, పెద్ద కాగితాల మీద లావు మార్కరుతో రాసి గోడకి అంటించాను. ఇక నాన్న మామూలు స్కేలుతో కొలిచినా ప్యాటర్న్ సరిగ్గానే వస్తుంది.

"ఏడువందల ఏడేమిటి? ఇదేం అంకె?" అన్నాడు నాన్న. కాగితానికి జానెడు దూరంలో ముఖం పెట్టి చదువుతున్నాడు.

"పాత అంగుళాల డ్రాయింగు నాన్నా. మిల్లీమీటర్లలోకి మారిస్తే అలా వచ్చాయి."

"అలాగా," అన్నాడు.

నేనెప్పుడూ నాన్నతో అబద్ధం చెప్పలేదు. చెప్పాక తెలిసింది, అది ఎంత తేలిగ్గా వస్తుందో. అందుకే వెంటనే రెండోది కూడా చెప్పాను. "నీ స్కేలు మీద అంకెలు చెరిగిపోయాయి. కొత్తది తెచ్చాను, పెద్దదే," అని ఒక మామూలు స్కేలు ఆయన బల్ల మీద పెట్టి, తాత గీసిన స్కేలు తీసుకెళ్ళి నా సొరుగులో దాచాను. నాన్న కొత్త స్కేలు అందుకుని, అంచు వెంట బొటనవేలి గోరు ఒకసారి లాగి, బల్ల మీద పెట్టేశాడు. నా గుండె తేలికపడింది. అన్నయ్యకి ఈ సంగతి చెప్పాలని ఒకసారి అనిపించింది. ముందు వాడొచ్చి మాట్లాడనీ, అప్పుడు చెప్దాం అనుకున్నాను.

మొదటి రెండు రోజులూ చెక్క ఎంచడానికీ చిత్రిక పట్టడానికీ పోయాయి. మూడో రోజు నుంచి కొలతలు మొదలయ్యాయి. బల్ల మీద ఉక్కు స్కేలు మెరుస్తూ ఉంది, నాన్న దాంతోనే గీతలు గీస్తున్నాడు. అద్దంలోంచి చూసుకుని నిశ్చింతగా నా పని చూసుకున్నాను.

ఆ నెల రోజులూ ఎలా గడిచాయంటే, బాగానే గడిచాయనే చెప్పాలి. బయట నిప్పులు కురుస్తున్నాయి. రేకుల కింద మధ్యాహ్నం మూడింటికి ఊపిరాడేది కాదు. ఉప్పల్‌లో క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున రోడ్లన్నీ దిగ్బంధమైపోయి, ఇంటికి రెండు కిలోమీటర్లు నడిచే వెళ్ళేవాళ్ళం. అయినా నాన్న పదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టు పనిచేశాడు. టేకు పలకని చెంపకి ఆనించి నునుపు చూసుకునేవాడు. మూలల దగ్గర వేలిగోరు పెట్టి వంపు సరిచేసేవాడు. ఆయన గీసింది అన్నయ్య కోసేవాడు, లేతు మీద తిప్పేవాడు. నేను లక్క పూసేదాన్ని. ముగ్గురం ఒకే వస్తువు మీద చేతులు వేసి పనిచేయడం చాలా ఏళ్ళ తర్వాత అదే. పక్కపక్కనే నిలబడి ఒక్క మాట కూడా లేకుండా చేశాం. అన్నయ్య మీద నాకు కోపం కొద్దికొద్దిగా పోతోంది, వాడికీ పోతోందని తెలుస్తోంది. కానీ ఎవరు ముందు నోరు తెరవాలన్న దగ్గర ఆగిపోయాం.

మే నెలాఖరులో ప్యాటర్న్ నిలబడింది. నాన్న దాని పక్కకి స్టూలు జరుపుకుని, ఒక బోరు నుంచి ఇంకో బోరుకి జానలు వేశాడు. వెళ్ళి పగిలిన పాత పెట్టె మీదా వేశాడు. మళ్ళీ వచ్చి వేశాడు.

"అమ్మాయ్, ఇది చేతికి పెద్దగా తగులుతోందే," అన్నాడు.

"పెద్దగానే ఉండాలి కదా నాన్నా."

"ఉండాలి. ఇంత ఉండకూడదు. నీ కాగితం ఒకసారి చూడు."

గోడ మీది అంకెలు చూశాను. నేను రాసినవే, నాకు తెలిసినవే. నా సొరుగులో టేపు ఉంది. తీసి ఒక్కసారి పట్టి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. కానీ ఆయన ఎదురుగా టేపు తీస్తే ఆయన పని మీద అనుమానపడ్డట్టు ఉంటుంది. ఆయనకి ఆ కష్టం కలగకూడదనే కదా ఇదంతా చేసింది.

"సరిగ్గానే ఉంది నాన్నా," అన్నాను.

ఆయన అన్నయ్యని పిలిచాడు. వాడు బల్ల మీది స్కేలు తీసుకుని అన్నీ కొలిచి, గోడ మీది కాగితంతో పోల్చుకుంటూ రెండుసార్లు చూశాడు. "మిల్లీమీటరు కూడా తేడా లేదు," అన్నాడు.

నాన్న కాసేపు అరచేతులు చూసుకున్నాడు. "మీరిద్దరూ సరే అన్నాక ఇంకేముంది," అని చేతులు దులుపుకుని, రంగు డబ్బా తెమ్మన్నాడు.

జూన్‌లో తొలి వాన పడ్డ మర్నాడు ఉపేందర్ అన్న నుంచి ఫోనొచ్చింది. "చెల్లె, జర వర్క్‌షాపు కాడికి రా. అన్నని గుడ తోల్కరా." ఆయన గొంతుని బట్టే విషయం తెలిసిపోయింది. అన్నయ్య బండి తీశాడు. నాన్న నడిచి వచ్చాడు.

పోతపోసిన పెట్టె బోరింగు మిషన్ మీద బిగించి ఉంది. బోరు లోపల తిప్పి నునుపు చెయ్యడానికి చుట్టూ మూడు మిల్లీమీటర్ల కండ వదులుతాం. పనిముట్టు ఆ కండని కోసుకుంటూ తిరిగితే లోపలంతా అద్దంలా రావాలి. ఒక పక్క అలాగే వచ్చింది. రెండో పక్క పనిముట్టు తగల్లేదు, పోత నలుపు అలాగే ఉండిపోయింది. రెండు బోర్లూ అంతే. ఉండాల్సిన చోటు కంటే దూరందూరంగా జరిగాయి. కోసింది అతికించలేం, ఆ ఇనుమంతా మళ్ళీ కొలిమిలోకి పోవాల్సిందే.

"ఏడు ఎం.ఎం. ఎక్కువున్నది," అన్నాడు ఉపేందర్ అన్న. "గిదేంది గౌతమ్, మీ చేతుల ఎన్నడన్న గిట్ల అయిందా? నాలుగ్గొట్టంగ కంపెనీ ఇంజనీరు ఒస్తుండు. ఆయనకేం జెప్పాలె?"

నాన్న ముందుకొచ్చి బోరు లోపల చెయ్యి పెట్టి తిప్పాడు. నునుపు, గరుకు, మళ్ళీ నునుపు. చెయ్యి తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

షెడ్డుకి తిరిగొచ్చాం. ఉపేందర్ అన్న మనుషులు పొద్దున్నే వెనక్కి పంపిన ప్యాటర్న్ గుమ్మంలో ఉంది. అన్నయ్య టేపు పట్టాడు. "ఏడువందల పద్నాలుగు," అన్నాడు. రెండు నెలలు దాటాక వాడు నాతో అన్న మొదటి మాట అదే. "ఏడు ఉండాలి. పద్నాలుగు ఎలా వచ్చింది?"

నేను బల్ల మీది స్కేలు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాను. మూలన గీకిన అక్షరం, గౌ. నాన్న అన్నయ్యకి గీసిచ్చిన పెద్ద స్కేలు అది.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?" అన్నాను.

"నేనే పెట్టాను," అన్నాడు వాడు. "చూసేసరికి బల్ల మీద మామూలు స్కేలు ఉంది. నాన్న మళ్ళీ అదే పట్టుకున్నాడనుకున్నాను. చెప్పి ఆయన్ని చిన్నబుచ్చడం ఎందుకని దాన్ని తీసేసి నాది పెట్టాను."

"ఆ మామూలుది నేను పెట్టిందే. నేను అంకెల్లో ముందే కలిపేశాను."

వాడు గోడ మీది కాగితం వైపు చూశాడు. ఏడువందల ఏడు. చూస్తూ చూస్తూ గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. నాన్న చేతికిచ్చిన కొలతలో ఒక చోట నేను కలిపాను, ఒక చోట వీడు కలిపాడు. ఆ మనిషి మాత్రం ఇచ్చిన స్కేలుతో, ఇచ్చిన అంకెల ప్రకారం, గీత తప్పకుండా చేశాడు. చివర్లో పెద్దగా ఉందని చెప్పింది కూడా ఆయనే.

నాన్న స్టూలు మీద కూర్చుని అంతా విన్నాడు.

"ఆ మూత పోయిన రోజు నుంచి నేను ప్రతి స్కేలూ గోటితో చూసుకునే పట్టుకుంటున్నాను," అన్నాడు. "నువ్విచ్చింది మామూలుదని అప్పుడే తెలిసింది అమ్మాయ్. షాపువాడు నీకు తప్పుది అంటగట్టాడనుకున్నాను. నలుగురిలో అంటే నొచ్చుకుంటావని, నా పాతది వెతుక్కుందామని ఊరుకున్నాను. ఈలోగా వాడు తనది పెట్టాడు. పట్టుకోగానే తెలిసింది, నేను గీసిందే కదా. అడక్కుండా ఇచ్చాడని సంతోషపడ్డాను."

"నాన్నా, కళ్ళు..." అన్నాడు అన్నయ్య.

"నీటికాసులు. పోయిన దీపావళికే దవాఖానాలో చెప్పారు. ఎడమది పోయింది, కుడిదానికి నడిమి చూపు మాత్రం ఉంది. మీ అమ్మకి తెలుసు." ఆ మాట వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "నాలుగింటికి నేను మాట్లాడతాను. మీరిద్దరూ నోరు విప్పకండి."

కంపెనీ ఇంజనీరు ముప్ఫై ఏళ్ళలోపు కుర్రాడు, మర్యాదస్తుడే. బోరు చూశాడు, ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు. "ఇది ఎలా జరిగిందండీ?" అని అడిగాడు.

"నా పొరపాటు," అన్నాడు నాన్న. "మా అమ్మాయి డ్రాయింగు సరిగ్గానే ఇచ్చింది. మావాడు స్కేలు సరిగ్గానే ఇచ్చాడు. నాకు కళ్ళు కనపడవు. పిల్లలకి చెప్పకుండా దాచాను. కలపాల్సింది రెండుసార్లు కలిపేసుకున్నాను."

నేను నోరు తెరిచాను. తెరిచి, అద్దాల గది, కంప్యూటరు, పద్నాలుగు ప్యాటర్న్‌లు, చర్లపల్లి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి మూసేసుకున్నాను. అన్నయ్య నేల చూస్తున్నాడు. మాలో ఎవరు మాట్లాడినా ఆయన పరువు దక్కేది. ఇద్దరం ఊరుకున్నాం. అమ్మ మీద ఒట్టేసి చెప్తున్నాను, ఆ నిమిషంలో నాకు సిగ్గు కూడా వెయ్యలేదు, హమ్మయ్య అనిపించింది. సిగ్గు తర్వాత వచ్చింది. వచ్చింది పోలేదు.

ఉపేందర్ అన్న మా నాన్న దగ్గరికి వచ్చాడు. "గింత కష్టమైతుంటె ఒక్క మాట జెప్పకపోతిరి ఆచారి సాబ్," అన్నాడు. ఇంజనీరు వైపు తిరిగి, "సార్, గీ పిల్లగాడు గుడ మంచిగ జేస్తడు. ఇంగో పదిహేను దినాలు ఇయ్యున్రి. నా పూచీ," అన్నాడు.

ఇంజనీరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సరే. కానీ ఆయన..." అని ఆగాడు.

"నేను ముట్టుకోను," అన్నాడు నాన్న.

పన్నెండు రోజుల్లో కొత్త ప్యాటర్న్ చేశాం. అన్నయ్య స్కేలుతో, నా అసలు అంకెలతో. ఇప్పుడు ప్రతి కొలతా ఇద్దరం పైకి చదువుకుంటాం, పది మాటలు ఎక్కువే మాట్లాడుకుంటాం. పోత అద్దంలా వచ్చింది. పద్నాలుగూ మాకే వచ్చాయి. అన్నయ్య చర్లపల్లి మాట ఎత్తడం మానేశాడు. షెడ్డుకి కొత్త రేకులు వేయించాం. నాచారంలో మా పేరు చెడలేదు. చెడిందల్లా బుచ్చిబాబు పేరు, ఆయనకి పాపం కళ్ళు పోయాయట అని టీకొట్టు దగ్గర కూడా చెప్పుకున్నారు. తాత గీసిన స్కేలు నా సొరుగులోంచి తీసి ఆయనకి ఇవ్వబోతే, "అక్కడే ఉండనీ," అన్నాడు.

అయినా రోజూ షెడ్డుకి వస్తాడు. ఇంట్లో ఏం చేస్తాడు? పొద్దున్నే అన్నయ్య బండి వెనక కూర్చుని వచ్చి, గుమ్మం పక్కన స్టూలు వేసుకుంటాడు. చిత్రిక పొట్టు చేతిలోకి తీసుకుని వాసన చూసి, ఏ చెక్కో చెప్తాడు. కొన్నిసార్లు పారేసిన ముక్క ఒకటి ఏరుకుని గరుకు కాగితంతో రుద్దుకుంటూ కూర్చుంటాడు. అన్నయ్య ఏదైనా సందేహం అడిగితే నోటితోనే చెప్తాడు. చెయ్యి పెట్టడు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఉపేందర్ అన్న ఇద్దరు కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. జీడిమెట్ల నుంచి వచ్చారట, పెద్ద పనే. వాళ్ళు అన్నయ్య చేస్తున్న ప్యాటర్న్ చుట్టూ తిరిగి చూశారు, బాగుందన్నారు. బయటికొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళలో ఒకాయన ఉపేందర్ అన్న చెవిలో ఏదో అన్నాడు. అన్న మొహమాటపడుతూ నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు గాని, నాన్న స్టూలు అక్కడికి రెండు బారల దూరంలోనే ఉంది.

"ఏమనుకోకు చెల్లె. ఆళ్ళు అడుగుతున్రు, ఏడనో విన్నరంట. పెద్దాయన పని మీద చెయ్యి పెడ్తలేడు గద?"

"లేదన్నా," అన్నాను. "పెట్టడం లేదు."

నాన్న అప్పుడు ఒక టేకు ముక్క రుద్దుకుంటున్నాడు. దాన్ని కింద పెట్టేశాడు. గరుకు కాగితం కూడా పక్కన పెట్టి, ఖాళీ చేతులు రెండూ వాళ్ళకి కనపడేలా మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.